గురువు గిటార్ మీదే గురువుకి నివాళి: ఒక స్పానిష్ ఆల్బమ్ కథ, మన పాలకొల్లు మాండొలిన్ కథ

నేను వత్సవాయి నుంచి మాట్లాడుతున్నాను. తెలియని వాళ్లకి చెప్తున్నా, మాది జగ్గయ్యపేట పక్కన, ఖమ్మం జిల్లా సరిహద్దుకి దగ్గర్లో ఉండే ఊరు. ఈరోజు ఒక గిటార్ ఆల్బమ్ గురించి చెప్తాను. గిటార్ రాకపోయినా పర్లేదు, చివరిదాకా ఉండండి. ఎందుకంటే చివర్లో మీ ఫోన్‌తో ఒక పని చేయమని అడగబోతున్నాను.

నాకు 13 ఏళ్లప్పుడు జగ్గయ్యపేటలో ఒక మాస్టారి దగ్గర గిటార్ మొదలుపెట్టాను. తిరునాళ్లప్పుడు రాత్రంతా ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు వాయించేవారు ఆయన. మొదటి రోజే గిటార్ చేతికిచ్చి, "ఏరా, ఇది స్పానిష్ గిటార్, జాగ్రత్త" అన్నారు. నేనేమో అది స్పెయిన్ నుంచి ఓడలో వచ్చిందనుకుని ఇంట్లో అందరికీ చెప్పేశాను. తర్వాత తెలిసింది ఏంటంటే, మన దగ్గర గిటార్లకి పాత లెక్క ఒకటుంది. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ఇనుప కడ్డీ జరుపుతూ వాయిస్తే అది హవాయన్ గిటార్. నిలబెట్టి వేళ్లతో తీగలు నొక్కి వాయిస్తే అది స్పానిష్ గిటార్. అంతే.

కానీ అసలు స్పెయిన్ గిటార్ సంగీతం వేరే ఉంది. దాన్ని ప్రపంచమంతా తిప్పిన మనిషి పేరు ఆంద్రెస్ సెగోవియా.

సెగోవియా 1893లో స్పెయిన్‌లోని లినారెస్‌లో పుట్టాడు. ఆ రోజుల్లో గిటార్ అంటే పాటకి తోడుగా, కూటాల్లో వాయించుకునే వాద్యం అనే అభిప్రాయం ఎక్కువ. పియానోకి, వయొలిన్‌కి ఉన్న మర్యాద దానికి లేదు. ఈయన ఒక్క గిటార్ పట్టుకుని పెద్ద పెద్ద హాళ్లలో ఒంటరిగా కూర్చుని కచేరీ చేశాడు. అల్బెనిజ్ పియానో కోసం రాసినవి గిటార్ మీదకి తెచ్చుకున్నాడు. టొర్రోబా, టురీనా లాంటి స్పెయిన్ స్వరకర్తలు ఆయన కోసం కొత్తవి రాశారు. ఇంకొకటి. అప్పట్లో గిటార్‌కి జంతువుల పేగులతో చేసిన తీగలు వాడేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో అవి దొరకడం కష్టమైంది. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ అనే గిటార్ తయారీదారు నైలాన్ తీగలు చేస్తే, సెగోవియా వాటిని వాడి అందరికీ అలవాటు చేశాడు. ఇవాళ మనం కొనే క్లాసికల్ గిటార్‌కి నైలాన్ తీగలు ఉన్నాయంటే అందులో ఆయన చెయ్యి ఉంది.

ఇప్పుడు శిష్యుడి దగ్గరకి వద్దాం. క్రిస్టఫర్ పార్కెనింగ్. 1947లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. 11 ఏళ్లప్పుడు గిటార్ నేర్చుకోవాలనుకుంటే, గిటారిస్టు అయిన కజిన్ జాక్ మార్షల్ ఇచ్చిన సలహా ఇది: ముందు సెగోవియా రికార్డులు తెచ్చుకుని విను. చూడండి, గురువు ముందు రికార్డుగా వచ్చాడు, మనిషిగా తర్వాత వచ్చాడు. యూట్యూబ్‌లో నేర్చుకునే మనకి ఇదేం కొత్త కాదు కదా. టీనేజ్‌లో సెగోవియా ఎదుట కూర్చుని క్లాసులో వాయించే అవకాశం వచ్చింది. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 30 ఏళ్లకే కచేరీలు మానేసి, మోంటానాలో చేపలు పట్టుకుంటూ కొన్నేళ్లు ఉన్నాడు. మళ్లీ గిటార్ దగ్గరకే వచ్చాడు.

1987లో సెగోవియా 94 ఏళ్ల వయసులో పోయారు. 1991లో పార్కెనింగ్ 'ఎ ట్రిబ్యూట్ టు సెగోవియా' అనే ఆల్బమ్ తెచ్చాడు. దీని ప్రత్యేకత ఏంటంటే, దాన్ని సెగోవియా కచేరీల్లో వాడిన సొంత గిటార్లలో ఒకదాని మీద రికార్డ్ చేశాడు. గురువు గిటార్, గురువు దారిలోని సంగీతం, శిష్యుడి చేతులు.

మరి అలా చేస్తే గురువులా వినిపిస్తుందా? వినిపించదు. ఎందుకో చెప్తా.

కీబోర్డ్ మీద ఒక స్వరానికి ఒకటే మెట్టు. గిటార్ మీద అలా కాదు. మొదటి తీగని ఏమీ నొక్కకుండా మీటితే వచ్చే స్వరమే రెండో తీగ 5వ ఫ్రెట్‌లో వస్తుంది, మూడో తీగ 9వ ఫ్రెట్‌లో వస్తుంది, నాలుగో తీగ 14వ ఫ్రెట్‌లో కూడా వస్తుంది. శ్రుతి ఒకటే, కానీ గొంతు వేరు. సన్న తీగ మీద అది పలచగా, మెరుస్తూ ఉంటుంది. లావు తీగ మీద పైకి వెళ్లి వాయిస్తే గుండ్రంగా, ముద్దగా ఉంటుంది. దీనికి తోడు కుడిచెయ్యి. బ్రిడ్జి దగ్గర మీటితే గరుగ్గా, ఫ్రెట్ల వైపు జరిగి మీటితే మెత్తగా. అంటే ఒక్క స్వరానికే బోలెడు నిర్ణయాలు. ఏ తీగ, ఏ వేలు, ఎక్కడ మీటాలి. గిటార్ గురువు నేర్పేది సగం ఇదే.

సెగోవియాకి ఈ విషయంలో పట్టుదల ఎక్కువ. ఆయన చివరి ఏళ్లలో ఒక క్లాసులో ఒక కుర్రాడు ఆయన చెప్పిన వేళ్లు కాకుండా సొంత వేళ్లు పెట్టి వాయిస్తే, అందరి ముందే గట్టిగా కోప్పడ్డారు. ఆ వీడియో ఇప్పటికీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆయన దగ్గర నేర్చుకున్న జాన్ విలియమ్స్ అయితే, తనని అనుకరించమనే ఆ పద్ధతిని తర్వాత బాహాటంగానే విమర్శించాడు. కాబట్టి గురుభక్తి అంటే అంతా తీపి కాదండీ. గురువు చెప్పినట్టే వాయిస్తే కాపీ అంటారు. మార్చి వాయిస్తే ధిక్కారం అంటారు.

దీనికి మన దగ్గర ఒక జవాబు ఉందని నాకనిపిస్తుంది. అది పాలకొల్లులో ఉంది.

మాండొలిన్ శ్రీనివాస్ పేరు వినే ఉంటారు. 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్లకే నాన్నగారి మాండొలిన్ పట్టుకున్నారు. గిటారిస్టు వాసురావు గారు ఆయనకి పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. ఇక రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. పిల్లాడి చెయ్యి చూసి నేర్పడం మొదలుపెట్టారు. కానీ చిక్కు ఏంటంటే, సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు! అందుకని ఆయన పాడేవారు, పిల్లాడు అది విని మాండొలిన్ మీద వెతుక్కునేవాడు.

అర్థమైందా? కాపీ కొట్టడానికి అక్కడ వేళ్లే లేవు. ఉన్నది పాట మాత్రమే. ఆ పాటలో గమకం ఉంది, అంటే స్వరం ఊగడం, జారడం. మాండొలిన్‌కేమో మెట్లు ఉంటాయి, తీగలు జంటలుగా ఉంటాయి, మీటిన శబ్దం ఇట్టే ఆగిపోతుంది. జంట తీగల్ని లాగి స్వరాన్ని ఊపడం చాలా కష్టం. అందుకే శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలతో వాయించారు. ఒంటి తీగ లాగితే వంగుతుంది, కరెంటు సాయంతో శబ్దం నిలబడుతుంది. 1978లో మన గుడివాడలో, త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో ఆయన తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన రికార్డింగ్ ఏదైనా పెట్టుకుని వినండి. నాకైతే తీగల వెనక ఎవరో పెద్దాయన కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది.

పార్కెనింగ్‌కి గురువు గిటార్ దొరికింది. శ్రీనివాస్‌కి గురువు గొంతు దొరికింది. ఇక నా సంగతి.

మా మాస్టారు పోయి రెండేళ్లు దాటింది. ఆయన పోయిన వారానికి నా ఫోన్ మొత్తం వెతికాను. వేల ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. పెళ్లి బరాత్‌లు, బిర్యానీలు, అన్నీ. మాస్టారు వాయిస్తున్నది ఒక్కటి లేదు. దొరికిందల్లా 40 సెకన్ల క్లిప్. ఎవరిదో పుట్టినరోజు. అందరూ కేక్ చుట్టూ అరుస్తుంటే, వెనకాల ఆయన కనపడకుండా గిటార్ శ్రుతి చేసుకుంటున్న చప్పుడు. ఇన్నేళ్లు ఆయన ముందు కూర్చున్నాను, ఫోన్ జేబులోనే ఉంది.

మొన్న అమ్మగారిని, అంటే మాస్టారి భార్యని, చూడ్డానికి వెళ్లినప్పుడు గిటార్ గోడకి వేలాడుతోంది. అడగడానికి నోరు రాలేదు. ఆవిడే దించి ఇచ్చారు. "తీసుకెళ్లు నాయనా, కానీ మీ ఇంట్లో కూడా గోడకే తగిలించేటట్టయితే వద్దు" అన్నారు.

తీగలు మార్చాను. ఆ గిటార్ మెడ మీద చెక్క కొన్నిచోట్లే అరిగి ఉంది. రెండు, మూడు తీగల కింద, 5వ ఫ్రెట్ నుంచి 9వ ఫ్రెట్ దాకా. నేను ఎప్పుడూ ఆ స్వరాలు కింద, తేలిగ్గా ఉండే చోట వాయించేవాడిని. ఆయన "పైకి రా, పైన వాయించు" అని తిట్టేవారు. ఇప్పుడు ఆ అరుగుదల మీద వేలు పెడితే అర్థమైంది, ఆయనకి ఆ ముద్దటి గొంతు ఇష్టం. సగం పాట ఆయన చెప్పినట్టు పైనే వాయిస్తున్నా. మిగతా సగం నా పద్ధతిలోనే. ఉండుంటే దానికీ తిట్టేవారు.

సరే, ఇప్పుడు మీ పని. మీకు నేర్పినవాళ్లు ఎవరైనా ఉంటే, సంగీతమే కానక్కర్లేదు, డప్పు కావచ్చు, హరికథ కావచ్చు, భజన పాట కావచ్చు, ఈ ఆదివారం వెళ్లండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది. ఫ్యాన్ ఆపండి. ఫోన్ కింద మడత పెట్టిన టవల్ వేసి, మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంచండి. కచేరీ చేయమని అడక్కండి, బిగుసుకుపోతారు. "ఇది ఎలాగో ఇంకోసారి చెప్పండి" అనండి. తప్పు దిద్దేటప్పుడు, తిట్టేటప్పుడు కూడా ఆపకండి. ఇంటికొచ్చాక ఫైల్‌కి వాళ్ల పేరు, తేదీ పెట్టి ఇంకోచోట కాపీ దాచండి. ఫోన్లు పోతాయి కదా.

నా దగ్గర 40 సెకన్లే ఉన్నాయి. మీ దగ్గర ఇంకా ఆదివారం ఉంది. ఉంటానండీ, మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.