చెట్టు మీద జింక సంతకం

అమెరికా తూర్పు రాష్ట్రాలలో ఆకులు రంగు మారే వేళకు, అడవి అంచులలోనూ ఇళ్ళ పెరళ్ళలోనూ కొన్ని లేత చెట్ల బెరడు మోకాలికి కొంచెం పైగా చీరుకుపోయి, లోపలి తెల్లని కలప బయటపడి కనిపిస్తుంది. తెగులు సోకినదని భ్రమించి మందు చల్లేవారున్నారు. అది తెగులు కాదు. మగ జింక తన కొమ్ములతోనూ నుదుటితోనూ చేసిన రాపిడి గుర్తు. దానిని సరిగా చదవగలిగితే ఆ జింక రాకపోకలు చాలవరకు తెలుస్తాయి.

ఇక్కడ సర్వత్రా కనిపించేది తెల్లతోక జింక. మనకు పరిచితమైన కృష్ణజింక కొమ్ములు జీవితాంతం నిలుస్తాయి. తెల్లతోక జింక కొమ్ములు మాత్రం, నల్లమలలోని దుప్పి, కణుజుల కొమ్ముల వలె, కేవలం ఎముకతో ఏర్పడి రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. వసంతంలో మొలిచి, వేసవి అంతా నూగుచర్మం కింద పెరుగుతాయి. పగటి కాలం తగ్గేకొద్దీ రక్తంలో టెస్టోస్టిరోన్ హెచ్చుతుంది, కొమ్ములు గట్టిపడతాయి, సెప్టెంబరు ప్రాంతంలో ఆ చర్మం ఎండి ఊడిపోతుంది.

ఈ చర్మాన్ని వదిలించుకోవడానికే జింక చెట్లను రాస్తుందని పూర్వం నమ్మేవారు. కాని చర్మం సాధారణంగా ఒకటి రెండు రోజులలో ఊడిపోతుంది. రాపిడి మాత్రం నెలల తరబడి సాగుతుంది. నుదుటి చర్మంలోని గ్రంథులు ఈ ఋతువులోనే చురుకుగా పనిచేస్తాయనీ, ఆధిపత్యం గల మగ జింకలలో ఆ చురుకుదనం హెచ్చనీ జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1982లో వెల్లడించారు. ఆ నుదుటి వెంట్రుకలలో ఆల్డిహైడ్లు, కీటోన్లు, ఫినాల్ వర్గపు పదార్థాలు మొదలైన బాష్పశీల రసాయనాలున్నట్లు 1997లో విశ్లేషణ వలన తేలింది. అంటే రాపిడి గుర్తు కంటికి కనిపించే జెండా మాత్రమే కాదు, ముక్కుతో చదివే లేఖ కూడ. ఆ దారిన వచ్చే ఇతర జింకలు దానిని వాసన చూసి పోతాయి.

ఈ లేఖను మనిషి చదవవలసినది కంటితోనే. మొదట దిక్కు: జింక తాను వచ్చిన వైపునుండే చెట్టును రాస్తుంది కనుక, తెల్లని ముఖం సాధారణంగా అది వచ్చిన దిక్కును చూపుతుంది. ఆ ముఖం మేత పొలం వైపు ఉంటే, తెల్లవారుజామున మేత ముగించి తిరిగి వెళ్ళే దారి కావచ్చు; పొదల వైపు ఉంటే సాయంకాలం బయలుదేరే దారి కావచ్చు. రెండవది పరిమాణం: సన్నని మొక్కలను చిన్నా పెద్దా జింకలన్నీ రాస్తాయి; లావైన మాను మీది గుర్తు తరచు పెద్ద జింకదే. మూడవది వయస్సు: తడి కలప, తాజా బెరడు పొట్టు ఇటీవలి గుర్తుకు సాక్ష్యం, బూడిదరంగుకు తిరిగి అంచులు మానినది గతేడాదిది. నాలుగవది వరుస: ఒంటరి గుర్తు ఒకనాటి మజిలీని మాత్రమే చెబుతుంది. ఒకే దిక్కుగా సాగిన గుర్తుల వరుస అలవాటైన బాటను తెలుపుతుంది.

వేటగాడు పొరబడేది ఇక్కడే. పెద్ద గుర్తు కనబడగానే దాని ఎదుటనే మంచె కట్టుకుంటాడు. కాని రాపిడిలో అధికభాగం చీకటి వేళ జరుగుతుంది. వేట చట్టసమ్మతమైన వెలుతురులో జింక అక్కడికి రాకపోవచ్చు. అందుచేత గుర్తుల వరుసను జింక పగలు పడుకొనే దట్టమైన పొదల దిశగా వెనుకకు అనుసరించి, పొదలను కదపనంత దూరంలో ఆగాలి. గాలి జింక దారి నుండి మంచె వైపు వీచాలి; మనిషి వాసన తగిలితే అది దారి మార్చుకుంటుంది. కొండ వాలులలో సాయంకాలపు చల్లగాలి పల్లానికి దిగుతుందనీ, ఎండ ఎక్కాక గాలి పైకి లేస్తుందనీ గుర్తుంచుకోవాలి. విల్లుతో వేటాడేవాడు దారికి పదిహేను ఇరవై మీటర్ల లోపున ఉంటేనే బాణం గురి తప్పి జింకను గాయపరచి వదిలే ప్రమాదం తగ్గుతుంది. నేల విడిచినది మొదలు మంచె దిగేవరకు నడుముకూ భుజాలకూ తొడలకూ రక్షణ పట్టీ తప్పనిసరి.

పెరటి యజమానికి కూడ ఈ పరిజ్ఞానం అవసరమే. బెరడు ఒక ప్రక్కనే చీలితే చెట్టు తరచు కోలుకుంటుంది. చుట్టూ ఊడిపోతే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకు చేరక చెట్టు చచ్చిపోతుంది. ఆగస్టు ముగియకముందే లేత చెట్ల కాండం చుట్టూ ఒకటిన్నర మీటర్ల ఎత్తున తీగ వల చుట్టితే చాలు, మందులతో పనిలేదు.

విచ్చలవిడి వేట వలన 1900 నాటికి అమెరికాలో ఈ జింకలు అయిదు లక్షలకు మించి మిగలలేదని అంచనా. చట్టరక్షణ వలన, 1937 నుండి తుపాకులు, తూటాల మీది పన్ను వన్యప్రాణి సంరక్షణకు చేరుతున్నందువలన, నేడవి మూడు కోట్ల ప్రాంతానికి పెరిగాయి. తోడేళ్ళు లేనిచోట ఇవి మితిమీరితే అడవిలో లేత మొక్క మిగలదు. అందుకే ప్రతి రాష్ట్రమూ ఋతువునూ సంఖ్యనూ నిర్ణయించి వేటకు అనుమతి ఇస్తుంది. ఆ అనుమతి పొందినవాడు గుర్తులను ఓపికగా చదివి, స్పష్టంగా కనిపించిన జింకనే ఎంచుకొని, ఒక్క దెబ్బతో వేటను ముగించగలగాలి.