కోల్డ్ స్ప్రింగ్ కొలిమి

కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూసినవాళ్ళకి ప్యారట్ ఫిరంగి గుట్టు సగం తెలిసినట్టే. ఎర్రగా కాలిన పట్టాను చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. చుయ్యిమని చల్లారి ముడుచుకుంటూ అది చక్రాన్ని బిగించేస్తుంది. అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున, కోల్డ్ స్ప్రింగ్ అనే ఊళ్ళో రాబర్ట్ ప్యారట్ చేసిందీ ఇదే. కాకపోతే చక్రం బదులు ఫిరంగి గొట్టం.

ఆయన పనిచేసిన ఆ ఊళ్ళోని వెస్ట్ పాయింట్ ఫౌండ్రీ (పోత కార్ఖానా) 1817-18లో పుట్టింది. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధంలో ఫిరంగులు చాలక అవస్థ పడ్డాక, ప్రభుత్వమే ఇలాంటి కార్ఖానాలను ప్రోత్సహించింది. చోటు భలే ఎంచుకున్నారు! యంత్రాలు తిప్పడానికి వాగు, బొగ్గుకి అడవి, దగ్గర్లోనే ఇనుప రాయి, సరుకు ఎక్కించడానికి నది. కొత్త ఫిరంగిని పరీక్షించాలా? నది మీదుగా అవతలి కొండకి గురిపెట్టి కాల్చడమే.

ఇంతకీ ఆ పట్టా ఎందుకు? పోత ఇనుము చవక, గట్టిది, కానీ పెళుసు. సాగదు, పగులుతుంది. గొట్టం లోపల మెలికల గాడులు పెడితే గుండు సూటిగా, దూరంగా పోతుంది గానీ వెనక భాగం మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకని ప్యారట్ అక్కడ సాగే గుణమున్న చేత ఇనుప కడియం తొడిగాడు. అన్నివైపులా సమంగా బిగియాలని గొట్టాన్ని తిప్పుతూ లోపల చన్నీళ్ళు చిమ్మించాడు. 1861లో పేటెంటు వచ్చింది. అప్పటికే అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం. మరుసటి ఏడాది జూన్‌లో అధ్యక్షుడు లింకన్ స్వయంగా వచ్చి చూసి వెళ్ళాడు.

కడియం ఉన్నంత మేర సరే, మిగతాదంతా ఆ పెళుసు ఇనుమే కదా. చిన్న ఫిరంగులు నమ్మకంగా పనిచేశాయి, పెద్దవి పేలేవి. 1863 ఆగస్టులో దక్షిణాది చేతిలోని చార్లెస్టన్ ఎదుట బురదనేలలో నిలబెట్టిన పెద్ద ఫిరంగి 'స్వాంప్ ఏంజెల్' ఏడు కిలోమీటర్ల అవతలి నగరం మీద గుళ్ళు కురిపించి, 36వ గుండుకి తానే పగిలింది.

చార్లెస్టన్‌కి ఈ ఫౌండ్రీ కొత్తేమీ కాదు. 1830లో ఆ ఊరి రైలుకి ఇంజను కట్టింది వీళ్ళే. పేరు 'బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్'. ఆవిరి బుస భరించలేక ఫైర్‌మన్ వాల్వు నొక్కిపెట్టాడని చెబుతారు. 1831లో బాయిలర్ పేలింది. స్నేహితుడూ పేలాడు, దేవదూతా పేలింది!

ఉక్కు ఫిరంగులొచ్చాక పోత ఇనుముకి గిరాకీ పోయింది. 1911లో ఫౌండ్రీ మూతపడింది. న్యూజెర్సీలోని ట్రెంటన్ వాళ్ళు మాత్రం ఒక పాత ఫిరంగిని, స్వాంప్ ఏంజెల్ ఇదేనంటూ, పార్కులో స్మారకంగా నిలబెట్టుకున్నారు.