ఈ రాత్రికి ఒక చోటు



కూడు, గుడ్డ, గూడు అని మూడింటినీ ఒక్క ఊపులో చెప్పేస్తాం గాని, దిక్కులేని ఆడమనిషికి ఈ మూడూ ఒకలాగా దొరకవు. అన్నం అడిగితే ఎవరో ఒకరు పెడతారు. గుడిలో ప్రసాదం ఉంటుంది, అయిదు రూపాయలకే భోజనం పెట్టే క్యాంటీన్లున్నాయి. పాత చీర అడిగితే మనలో కాదనేవాళ్ళు తక్కువే. కాని, "ఈ రాత్రికి మీ ఇంట్లో పడుకోనిస్తారా అమ్మా?" అని అడిగితే ఎంతమందిమి తలుపు తీస్తాం? తియ్యం. తియ్యకపోవడానికి మన కారణాలు మనకున్నాయి. అందుకే ఆ తలుపు ఒక ఇంటిది కాకుండా ఊరిది కావాలి. ఇల్లు లేని స్త్రీలకు రాత్రిపూట ఆశ్రయమిచ్చే నైట్ షెల్టరు ఎలా ఉండాలో, దాన్ని తెరిచేవాళ్ళు ఏమేం చూసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

ముందు, ఈ స్త్రీలు ఎవరు? వీధుల్లో అడుక్కునేవాళ్ళేనని మనం అనుకుంటాం. అది కొంతవరకే నిజం. మొగుడు తాగొచ్చి అర్ధరాత్రి జుట్టు పట్టుకుని బయటకు నెట్టేసిన ఇల్లాలు వీళ్ళలో ఉంది. కొడుకులు ఆస్తి పంచుకుని అమ్మని మాత్రం పంచుకోలేకపోయిన ముసలమ్మ ఉంది. పనికోసం పట్నం వచ్చి, మేస్త్రీ చేతిలో మోసపోయిన కూలి మనిషి ఉంది. పెనిమిటిని పెద్దాసుపత్రిలో చేర్చి, వార్డులో ఉండనివ్వకపోతే గేటు బయట గోనెసంచి పరుచుకున్న పల్లెటూరి మనిషి ఉంది. మతి చలించి ఏ రైలో ఎక్కి, ఏ ఊళ్ళోనో దిగినామె ఉంది. వీళ్ళందరికీ నిన్నటిదాకా ఒక ఇల్లు ఉండేది.

2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్ళను ప్రత్యేకంగా లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద సుమారు 17 లక్షల 73 వేల మంది తేలారు. అందులో పట్టణాల్లో ఉన్నవాళ్ళు సుమారు 9 లక్షల 38 వేలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే సుమారు 1 లక్షా 45 వేల మంది. ఈ లెక్కలో ఆడవాళ్ళు ఉండాల్సినంతమంది ఉండరని ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఎందుకంటే మగవాడు ఫుట్‌పాత్ మీద దుప్పటి ముసుగేసి పడుకుంటాడు, లెక్కకు దొరుకుతాడు. ఆడది అలా పడుకోదు, పడుకోలేదు. రైల్వే ప్లాట్‌ఫారం మీద ప్రయాణికురాలిలాగా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఆసుపత్రి వరండాలో రోగి తాలూకు మనిషిలా ఒదుగుతుంది. రాత్రంతా మేలుకుని, తెల్లవారాక జనం తిరుగుతుంటే ఆ ధైర్యంతో గుడి మెట్ల మీద కునుకు తీస్తుంది. పగలు నిద్రపోతున్న ఆమెను చూసి "ఎంత బద్ధకమో" అని మనం దాటిపోతాం.

ఇలాంటి వాళ్ళకు చోటు చూపించడం ఎవరి దయాధర్మమో కాదు. 2009 డిసెంబరులో ఢిల్లీలో పూసా రోడ్డు దగ్గర ఉన్న ఒక తాత్కాలిక ఆశ్రయాన్ని చలికాలం నడిమధ్యలో తొలగించారు. ఆ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆహార హక్కుపై నడుస్తున్న కేసులోనే కోర్టు 2010లో నిరాశ్రయుల వసతి గురించి ఆదేశాలిచ్చింది. మొదట ఢిల్లీకి, తరువాత మిగతా రాష్ట్రాల పట్టణాలకు కూడా అవి వర్తించాయి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద కేంద్రం మార్గదర్శకాలు కూడా తయారుచేసింది. లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే వసతి ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని, స్త్రీలకూ వాళ్ళ మీద ఆధారపడిన పిల్లలకూ విడిగా వసతి ఉండాలని వాటిలో ఉంది. కాబట్టి మీ ఊరి మునిసిపాలిటీని అడిగేటప్పుడు బతిమాలుకోనక్కర్లేదు, గుర్తుచేస్తే చాలు.

"ఇప్పటికే ఆడవాళ్ళ హాస్టళ్ళున్నాయి కదా" అని కొందరంటారు. ఉన్నాయి, కాని దేని పని దానిదే. ఉద్యోగినుల హాస్టలుకు జీతం కాగితం కావాలి. హింసకు గురైన స్త్రీల కోసం 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో అయిదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. ఆపైన ఎక్కువకాలం ఉండవలసినవాళ్ళకు శక్తి సదన్‌లున్నాయి, వీటినే ఇదివరకు స్వధార్ గృహాలనేవారు. ఇవన్నీ అవసరమైనవే. కాని రాత్రి పదకొండు గంటలకు, చేతిలో ఏ కాగితమూ లేకుండా, తన కథ చెప్పుకునే ఓపిక కూడా లేకుండా వచ్చిన మనిషికి వీటన్నిటికంటె ముందు ఒక మెట్టు కావాలి. నైట్ షెల్టరు ఆ మొదటి మెట్టు. మొదటి మెట్టు ఎత్తుగా కడితే మిగతా మెట్లు ఎన్ని ఉండీ లాభం లేదు.

ఇక ఏర్పాట్ల సంగతి. అన్నిటికంటె ముఖ్యం స్థలం. ఊరి చివర ఊరికే వస్తుంది కదా అని అక్కడ కట్టకూడదు. బస్‌స్టాండు, రైల్వే స్టేషను, పెద్దాసుపత్రి వీటికి నడిచిపోయేంత దూరంలో, దీపాలున్న రోడ్డు మీద ఉండాలి. చీకటి సందులో ఉన్న షెల్టరుకు చేరడమే ఒక ప్రమాదం. మనిషికి 50 చదరపు అడుగుల చొప్పున 30 మందికి 1,500 చదరపు అడుగులు కావాలి. వాడకుండా పడివున్న కమ్యూనిటీ హాలో, మూతపడిన మునిసిపల్ స్కూలో ఇందుకు సరిపోతుంది.

తరువాత చిన్నచిన్న విషయాలు, చూడ్డానికే చిన్నవి. స్నానాలగదికి లోపల గడియ ఉందా? రాత్రి దొడ్లోకి వెళ్ళే దారిలో దీపం ఉందా? అర్ధరాత్రి కుళాయిలో నీళ్ళు వస్తాయా? ఒకే ఒక్క చీరతో వచ్చినామె ఆ చీర ఉతుక్కుంటే ఆరేదాకా ఏం కట్టుకోవాలి? అందుకని నాలుగైదు నైటీలో, ఉతికిన చీరలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. నెలసరి ప్యాడ్లు అడగకుండా తీసుకునే చోట పెట్టాలి. పేలకు, గజ్జికి మందు ఉండాలి. దుప్పట్లు వారం వారం చాకలికి వెయ్యాలి, లేకపోతే ఒకరి గజ్జి అందరికీ అంటుతుంది. అన్నిటికీ మించి, తాళం వేసుకునే చిన్న పెట్టె ఒకటి మనిషికొకటి కావాలి. ఆ మూటలో మనకు కనిపించేది పాతగుడ్డలే. దాని అడుగున రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల ఫొటో ఉంటాయి. ఆ మూట పోతే ఆమె ఈ లోకంలో ఉన్నట్టు రుజువే పోతుంది. మూటకు భద్రత లేని చోట ఏ ఆడదీ కళ్ళు మూసుకోదు.

పిల్లల విషయం ముందే తేల్చుకోవాలి. ఆడపిల్లయితే సరేనంటారు, పదేళ్ళు దాటిన మగపిల్లాడిని తీసుకొస్తే కుదరదంటారు. తల్లి కొడుకుని బయట వదిలి లోపలికి వస్తుందా? రాదు, ఇద్దరూ రోడ్డు మీదే ఉండిపోతారు. అలాంటి వాళ్ళ కోసం ఒక మూల తడిక కట్టో తెర కట్టో విడిగా చోటుంచాలి. పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్ల ఒంటరిగా వస్తే మాత్రం లోపల కూర్చోబెట్టి, అన్నం పెట్టి, 1098కి ఫోన్ చెయ్యాలి. 24 గంటల్లోగా ఆ పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని చట్టం.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. షెల్టరు మంచిదా కాదా అనేది మంచాలను బట్టి తేలదు, గుమ్మం దగ్గర వేసే మొదటి ప్రశ్నను బట్టి తేలుతుంది. "మీ ఆయనెక్కడ? ఎందుకొచ్చేశావు? ఆధార్ ఉందా? ఎవరైనా పెద్దమనిషి చేత రాయించుకొచ్చావా?" ఇలా మొదలుపెడితే నిజంగా అవసరమున్నామె వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. "తిన్నావా అమ్మా?" అని మొదలుపెడితే లోపలికి వస్తుంది. రిజిస్టర్లో పేరు, వచ్చిన సమయం, ఒంట్లో ఎలా ఉంది, ఈ మూడూ చాలు. చెప్పిన పేరే రాసుకోండి. మిగతా కథ రెండోనాడో పదోనాడో ఆమే చెబుతుంది. ఆధార్, పింఛను లాంటివి ఆ తరువాత దగ్గరుండి ఇప్పించవచ్చు.

మన సంఘాల్లో మంచి మనసున్నవాళ్ళు కూడా ఒక పొరపాటు ఆలోచన చేస్తుంటారు. "గౌరవంగల స్త్రీలనే చేర్చుకుందాం, అలాంటి వాళ్ళొద్దు" అంటారు. అలాంటి వాళ్ళంటే ఎవరో మనకు తెలుసు. ఒళ్ళమ్ముకునేదనీ, తాగుతుందనీ పేరుపడ్డ మనిషి. ఆమెకు మాత్రం రాత్రి రాత్రి కాదా? నడవడికి సర్టిఫికెట్ అడగడం మానేసి, లోపల ఎలా మెలగాలో నియమాలు పెట్టుకోండి. కొట్టుకోకూడదు, తిట్టుకోకూడదు, లోపల తాగకూడదు. ఆ నియమాలకు లోబడిన ప్రతి స్త్రీకీ చోటుండాలి.

మతి స్థిమితం లేనివాళ్ళంటే అందరికీ భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. దిక్కులేక తిరుగుతున్న మానసిక రోగిని పోలీసులు లాకప్పులో పెట్టరాదు, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి పరీక్షకు తీసుకెళ్ళాలి, కుటుంబం ఆచూకీ వెతకాలి. చికిత్స జరిగితే ఇలాంటివాళ్ళు ఇళ్ళకు చేరగలరని చూపించినవాళ్ళున్నారు. 1993లో మద్రాసులో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు మొదలుపెట్టిన 'ది బన్యన్' సంస్థ సరిగ్గా ఇలాంటి స్త్రీల కోసమే పుట్టింది. కోలుకున్నవాళ్ళను ఎక్కడెక్కడి రాష్ట్రాల్లోనో ఉన్న సొంతవాళ్ళ దగ్గరకు చేర్చింది.

రాత్రి కాపలా సంగతి. లోపల ఎప్పుడూ ఇద్దరు ఆడవాళ్ళుండాలి, ఒక్కరు చాలరు. మూడు షిఫ్టులకు ఇద్దరేసి చొప్పున ఆరుగురు, సెలవు రోజులకు మరొకరో ఇద్దరో. వాచ్‌మన్ గేటు బయటే ఉండాలి. మొగుడో, అన్నో వచ్చి "మా ఆవిడ ఇక్కడుందా?" అని అడిగితే ఉందనీ చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు. రిజిస్టరు ఎవరికీ చూపించకూడదు. గొడవ చేస్తే 112కు ఫోన్ చెయ్యాలి. స్త్రీల సహాయానికి 181 ఉంది. ఈ నంబర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాలి.

డబ్బెక్కడ ఖర్చవుతుందో ముందే తెలుసుకోండి. ప్రారంభోత్సవం నాడు మంచాలిచ్చేవాళ్ళు, ఫ్యాన్లిచ్చేవాళ్ళు దొరుకుతారు. ఫ్యాన్ రెక్కల మీద పేర్లు కూడా రాయిస్తారు. మూడో నెల ఆయాల జీతానికి మాత్రం ఎవరూ కనిపించరు. షెల్టరును నడిపేది ఫ్యాన్లు కాదు, రాత్రి రెండింటికి తలుపు తీసే మనిషి. దాతలను అడిగేటప్పుడు "ఒక ఆయమ్మ ఏడాది జీతం మీదిగా పెట్టుకోండి" అని అడగండి.

"మా వీధిలోనా?" అనే మాట తప్పకుండా వస్తుంది. తలుపు తెరిచాక జవాబు చెప్పడం కష్టం. ముందే ఇంటింటికీ వెళ్ళి మాట్లాడి, ఏదైనా ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబరిచ్చి రండి. వీధిలో పదిమంది స్త్రీలు రాత్రంతా భయంతో తిరగడం మంచిదా, ఒక కప్పు కింద నిద్రపోవడం మంచిదా అని అడగండి.

తెరిచాక మొదటి నెల సగం పరుపులు ఖాళీగానే ఉంటాయి. అప్పుడే అధికారులు "అవసరం లేదన్నమాట" అని మూసెయ్యాలని చూస్తారు. తొందరపడనివ్వకండి. దెబ్బతిన్న మనిషికి నమ్మకం బోర్డు చూస్తే రాదు. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఇద్దరేసి బస్‌స్టాండూ స్టేషనూ తిరిగి రండి. ఎవరు ఎక్కడ ఒదిగి కూర్చుంటారో టీకొట్టువాడికి, ఆటోవాళ్ళకి, తెల్లవారుజామున ఊడ్చే పారిశుధ్య కార్మికురాలికి తెలుసు. వాళ్ళకి చెప్పండి. ఒకామె వచ్చి నిశ్చింతగా నిద్రపోతే, ఆమే మరో ఇద్దరిని తీసుకొస్తుంది. తెల్లవారగానే అందరినీ బయటకు పంపి తాళం వెయ్యడం కూడా తప్పే. జ్వరంతో ఉన్నామె, నెలలు నిండినామె, రాత్రి డ్యూటీ చేసి వచ్చినామె పగలు ఎక్కడికి పోవాలి? ఆశ్రయం ఇరవైనాలుగు గంటలూ, ఏడాది పొడుగునా ఉండాలనే సుప్రీంకోర్టు చెప్పింది.

కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసేదాకా వేళగాని వేళలో వచ్చిన వాళ్ళకు కూడా వండి పెట్టారు. వచ్చినవాళ్ళ కులగోత్రాలు విచారించి కాదు, ఆకలి చూసి పెట్టారు. అన్నం విషయంలో మన తెలుగునాట ఉన్న ఆ ధర్మాన్నే నిద్ర విషయంలోనూ పాటించమని నా మనవి.

అందరూ షెల్టర్లు తెరవలేరు. కాని మీ ఊళ్ళో ఒకటుందో లేదో మునిసిపల్ ఆఫీసులో అడగవచ్చు. ఉంటే మీ మహిళా మండలివాళ్ళో, పొదుపు సంఘంవాళ్ళో నలుగురు కలిసి ఒకరోజు రాత్రి పదింటికి వెళ్ళి తలుపు కొట్టి చూడండి. ఎవరు తీస్తారో, ఎంతసేపటికి తీస్తారో, మొదటి మాట ఏమంటారో చూడండి. ఆ ఊళ్ళో దిక్కులేని ఆడదాని గతి ఏమిటో మీకు తెలిసిపోతుంది. బాగుంటే ఆయమ్మను మెచ్చుకుని రండి. బాగులేకపోతే మర్నాడు కమిషనర్‌గారి దగ్గరకు కాగితంతో వెళ్ళండి.