జెండా ఎవరి కోసం దిగుతుంది?

సింగరేణి బొగ్గు గనుల కోల్‌బెల్ట్‌లో జెండా పండుగలకు కొదవ లేదు. గోదావరికి ఈ ఒడ్డున జైపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి ఆ ఒడ్డున రామగుండం, గోదావరిఖని గనుల దాకా జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15 తేదీల్లో మువ్వన్నెల జెండా ఎగురుతుంది. సంస్థ భద్రతా విభాగమైన ఎస్ అండ్ పీసీ సిబ్బంది కవాతు చేస్తారు, జనరల్ మేనేజర్ (జీఎం) వందనం స్వీకరిస్తారు. డిసెంబరు 23న సింగరేణి దినోత్సవానికి సంస్థ సొంత జెండా కూడా లేస్తుంది. సంబరానికి జెండా ఎలా ఎగరేయాలో ఇక్కడ అందరికీ తెలుసు. చిక్కల్లా సంతాపం దగ్గరే. ఢిల్లీలో పెద్ద నాయకుడు కన్నుమూస్తే జీఎం ఆఫీసు ముందున్న జెండా సగానికి దిగుతుంది. ఆ ఆఫీసుకు కూతవేటు దూరంలో గని కూలి కార్మికులు చనిపోతే పైనే ఉంటుంది. ఇదేం న్యాయమని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. అయితే ఆ ప్రశ్న జెండా స్తంభాన్ని అడగాల్సింది కాదు, ప్రభుత్వాన్ని అడగాల్సింది.

ముందు నిబంధన ఏమంటుందో చూద్దాం. 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న భారత పతాక నియమావళి ఎవరు మరణిస్తే జెండా ఎక్కడ దించాలో వరుసగా చెబుతుంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి అయితే దేశమంతటా. లోక్‌సభ స్పీకర్, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయితే ఢిల్లీలో. కేంద్ర కేబినెట్ మంత్రి అయితే ఢిల్లీతో పాటు రాష్ట్ర రాజధానుల్లో. గవర్నర్, ముఖ్యమంత్రి అయితే ఆ రాష్ట్రమంతటా. రాష్ట్ర కేబినెట్ మంత్రికి రాష్ట్ర రాజధానిలో మాత్రమే. ఈ లెక్కన రాష్ట్ర మంత్రి పోయినా జైపూర్‌లో జెండా దించాల్సిన పని లేదు. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించినప్పుడు ఆయన పదవిలో ఉన్న ముఖ్యమంత్రి కాబట్టి నాటి ఉమ్మడి రాష్ట్రమంతటికీ ఈ నిబంధన వర్తించింది. అంటే ఇక్కడ కొలిచేది మనిషి గొప్పతనాన్ని కాదు, ఆ క్షణాన ఆయన కూర్చున్న పదవిని. మాజీ ప్రధానుల పేరు కూడా ఈ వరుసలో లేదు. 2024 డిసెంబరు 26న మన్మోహన్ సింగ్ మరణించాక దేశమంతా ఏడు రోజులు జెండాలు దిగే ఉన్నాయంటే కేంద్రం అందుకు విడిగా ఆదేశం ఇచ్చింది కాబట్టే.

దించడానికీ ఒక పద్ధతి ఉంది. పొద్దున జెండాను నేరుగా సగం దాకా లాగి ముడి వేసెయ్యకూడదు. తాడు లాగి ముందు కొస దాకా ఎక్కించాలి, అక్కడ ఒక్క క్షణం నిలపాలి, ఆ తర్వాతే సగానికి తేవాలి. సాయంత్రం పూర్తిగా దించేటప్పుడూ అంతే. మళ్లీ ఒకసారి కొస దాకా ఎక్కించాకే కిందికి తేవాలి. చూడటానికి ఇది తాడుతో పడే శ్రమే గానీ ఇందులో అర్థం ఉంది. జెండా స్థానం ఎప్పుడూ పైనే, ఈ రోజుకు దుఃఖంతో కిందికి వచ్చిందని ఆ కదలిక చెబుతుంది. పంద్రాగస్టు, గణతంత్ర దినం, గాంధీ జయంతి, రాష్ట్ర అవతరణ దినం లాంటి రోజుల్లో సంతాపం వచ్చి పడినా జెండాను దించరు. పార్థివ దేహం ఉన్న భవనం మీద మాత్రం, దేహాన్ని తరలించేదాకా, సగానికి ఉంచుతారు. ఇక శవపేటికపై జెండా కప్పేది ప్రభుత్వ లాంఛనాలతోనో, సైనిక, పారామిలటరీ గౌరవాలతోనో జరిగే అంత్యక్రియలకే. కాషాయ రంగు తల వైపు ఉండాలి. దాన్ని చితిలో కాల్చకూడదు, గోతిలో దించకూడదు.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. 2020 జూన్ 2న, సరిగ్గా రాష్ట్ర అవతరణ దినాన, రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడు జరిగి నలుగురు కాంట్రాక్టు కార్మికులు బలయ్యారు. దేశానికి కరెంటు ఇచ్చే బొగ్గు తీస్తూ పోయినవాళ్లకు పదవి లేదు కాబట్టి జెండాలో చోటు లేదా అన్నది సబబైన ప్రశ్న. మనసున్న ఏ అధికారైనా ఆ రోజు తన ఆఫీసు జెండాను తనే సగానికి దించాలనుకోవచ్చు. కానీ చట్టం ఒప్పుకోదు. ప్రభుత్వ ఆదేశాల ప్రకారం అవనతం చేసే సందర్భాల్లో తప్ప జెండాను సగం ఎత్తున ఎగరేస్తే, 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం దాన్ని అవమానం కిందే లెక్కేస్తుంది. శిక్ష మూడేళ్ల దాకా పడవచ్చు. ఈ కట్టడి కటువుగా కనిపించినా అవసరమే. ఎవరికి వారు దించుకోవచ్చంటే పలుకుబడి ఉన్నవాడి చావుకు దిగుతుంది, కాంట్రాక్టు కూలీ చావుకు దిగదు. అప్పుడు అన్యాయం ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

అలాగని తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. జాబితాలో లేనివారి కోసం ప్రత్యేక ఆదేశం ఇచ్చే అధికారం ప్రభుత్వాలకు ఉంది. 2022 ఫిబ్రవరిలో గాయని లతా మంగేష్కర్ కోసం కేంద్రం రెండు రోజులు జెండా దించింది. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగి ఊళ్లు తుడిచిపెట్టుకుపోతే కేరళ రెండు రోజుల సంతాపం ప్రకటించి జెండాను అవనతం చేసింది. ఆ చనిపోయినవాళ్లు ఏ పదవిలోనూ లేరు, మామూలు జనం. బొగ్గు గని సంగతే కావాలంటే తుర్కియే వైపు చూడవచ్చు. 2014 మే 13న సోమా గనిలో 301 మంది చనిపోతే ఆ దేశం మూడు రోజులు జాతీయ సంతాపం పాటించి జెండాలు దించింది. కాబట్టి గని కార్మికుడి కోసం జెండా దించడం కుదరని పని కాదు. దించాలన్న నిర్ణయం కావాలి, అంతే.

ప్రతి ప్రమాదానికీ దించుతూ పోతే జెండాకు విలువేముంటుందని కొందరంటారు. నిజమే, అందుకే హద్దు ఉండాలి. ఒకే ప్రమాదంలో ఎంతమంది పోతే, ఏ జిల్లాల్లో, ఎన్ని రోజులు అన్నది రాష్ట్ర ప్రభుత్వం ముందే రాసి పెట్టుకోవచ్చు. సంతాపం పేరుతో బాధ్యతను దులిపేసుకుంటారన్న భయమూ ఉంది. సోమాలో జెండాలు దిగినా జనం ఆగ్రహం చల్లారలేదు, వీధుల్లోకి వచ్చి నిలదీశారు. విచారణ గనుల భద్రతా సంస్థ డీజీఎంఎస్ పని, పరిహారం యాజమాన్యం పని. జెండా ఆ రెంటికీ బదులు కాదు. అయితే సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఈ గనుల్లో పెద్ద వాటాదారూ, రాష్ట్రంలో జెండాపై ఆదేశమివ్వగలిగేదీ ఒకే రాష్ట్ర ప్రభుత్వం. మిగతా ప్రమాదాల్లో అది ఓదార్చే పెద్దమనిషి కావచ్చు గానీ ఇక్కడ చనిపోయినవాళ్లు దాని సొంత గనిలో దిగినవాళ్లు. పెద్ద ప్రమాదం జరిగితే కోల్‌బెల్ట్ జిల్లాల్లో ఒక్కరోజు జెండా అవనతం చేస్తామన్న ఉత్తర్వుకు చట్టం మార్చక్కర్లేదు, డబ్బు ఖర్చు కాదు. కార్మిక సంఘాలు వేతన ఒప్పందాల కోసం పెట్టే డిమాండ్ల పత్రంలో దీనికీ ఒక వరుస కేటాయిస్తే జవాబు చెప్పాల్సిన చోటికే ప్రశ్న చేరుతుంది.