బెణుకు కాదు, పెచ్చు ఊడింది!

సెలవులొస్తే మన పల్లెల్లో కబడ్డీ ఆడని ఊరుండదు. 2021లో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు సూర్యాపేటే వేదికయింది. చివ్వెంలలోనో, దురాజ్‌పల్లిలోనో కూతకు పోయిన పన్నెండేళ్ళ పిల్లవాడు మోకాలు మెలిపడి కూలబడ్డాడనుకోండి. చుట్టూ చేరినవాళ్ళ మాట ఒక్కటే: "బెణికిందిలే, పసరు కట్టు కడితే పోతది." ఆ మాటను అంత తేలిగ్గా నమ్మరాదు.

పెద్దవాళ్ళలో ఇలాంటి దెబ్బకు సాధారణంగా లిగమెంటు తెగుతుంది. ఎదిగే పిల్లల్లో లిగమెంటు గట్టిదే. అది అతుక్కున్న ఎముకే ఇంకా లేత. పచ్చి గోడకు కొట్టిన మేకును గుంజితే సిమెంటు పెచ్చు ఊడివచ్చినట్లు, ఎముక ముక్క ఊడివస్తుంది. దీన్నే అవల్షన్ ఫ్రాక్చర్ అంటారు.

మోకాలి దగ్గర ఇది ముఖ్యంగా మూడు చోట్ల జరుగుతుంది. కీలు లోపల లిగమెంటు అంటుకున్న ముల్లులాంటి ఎముక ఒకటి. మోకాలిచిప్ప కింది అంచు రెండవది. చిప్పకు దిగువన, కాలి ఎముక ముందువైపున్న బుడిపె మూడవది. ఎగిరి దూకే ఆటల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇదే. నెలల తరబడి ఆ బుడిపె నొప్పి పెట్టడం వేరు, ఒక్కసారిగా దూకినప్పుడు 'టక్'మని కాలు నిలవకపోవడం వేరు.

గుర్తుపట్టడమెలా? కొద్ది గంటల్లోనే మోకాలు బాగా వాచిందంటే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. కాలు మోపలేకపోవడం, పూర్తిగా చాచలేకపోవడం, పడుకుని కాలు నిటారుగా పైకెత్తలేకపోవడం — వీటిలో ఏ ఒక్కటున్నా ఎక్స్‌రే తీయించాలి. ఎదురుగానే కాదు, పక్కనుంచి కూడా తీయాలి. చిప్ప అంచు ఊడినప్పుడు అందులో ఎక్కువ భాగం మృదులాస్థి కనుక ఎక్స్‌రేలో సన్నని గీతే కనబడవచ్చు, అసలేమీ కనబడకపోవచ్చు. అప్పుడు ఎం.ఆర్.ఐ. అవసరం. పిక్క రాయిలా బిగిసి నొప్పి పెరిగిపోతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగవద్దు, రక్తప్రసారానికే ముప్పు.

ముక్క కదలకపోతే చాలావరకు పిండికట్టుతోనే అతుక్కుంటుంది. పూర్తిగా లేచిపోతే ఆపరేషన్ కావాలి. పట్టించుకోకుండా మాలీషు చేయిస్తే కాలు మళ్ళీ పూర్తిగా చాపుకోలేని స్థితి రావచ్చు.

కాలేజీకొచ్చిన మనలో చాలామందికి ఎముకలు ముదిరాయి. అయినా మనకూ మినహాయింపు లేదు. మోకాలి బయటివైపు ఊడే చిన్న పెచ్చును ఫ్రెంచి సర్జన్ పాల్ సెగాండ్ 1879లోనే, ఎక్స్‌రే పుట్టకముందే వర్ణించాడు. ఆ పెచ్చు కనబడిందంటే లోపలి ముఖ్య లిగమెంటు కూడా తెగి ఉండవచ్చని నేటి డాక్టర్లు అనుమానిస్తారు.

సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. చివ్వెంల నుంచి అదేమంత దూరం కాదు. ఈసారి ఊళ్ళో తమ్ముడో చెల్లెలో మోకాలు పట్టుకుని కూర్చుంటే, పసరుకన్నా ముందు ఎక్స్‌రే గుర్తుచేసే బాధ్యత చదువుకున్న మనదే.