బొమ్మ విమానమే కదా అనుకోవద్దు.. ముప్పంతా బ్యాటరీ వైర్లలోనే!

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం తెలుగువారికి కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనుల కోసం వెళ్లిన కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. 1951లో ప్రారంభమైన దేశపు తొలి ఐఐటీ కూడా అక్కడిదే. ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చెప్పే ఆ క్యాంపస్‌లో రిమోట్‌తో నడిచే నమూనా విమానాలు తయారు చేయడం విద్యార్థులకు సరదా, చదువు రెండూ. విమానం కూలితే పోయేది కాస్త ఫోమ్ షీటు. బ్యాటరీ వైర్లు ఒకదానికొకటి తగిలితే మాత్రం గదే అంటుకోవచ్చు.

షాక్ కొట్టదు, కానీ..

వీటిలో వాడేది లిథియం పాలిమర్ బ్యాటరీ. వాడుకలో లిపో అంటారు. ఒక్కో సెల్ 3.7 వోల్టులు. మూడు సెల్స్ వరుసగా కలిపితే 11.1 వోల్టులు. ఇంత తక్కువ వోల్టేజీకి షాక్ కొట్టదు కాబట్టి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అసలు ప్రమాదం కరెంటుతో. 2,200 ఎంఏహెచ్, 25సి అని రాసి ఉన్న ప్యాక్ 55 ఆంపియర్ల వరకు ఇవ్వగలదు. ఇంట్లో ఫ్యాను, లైటుకు వాడే మామూలు సాకెట్ సామర్థ్యం 6 ఆంపియర్లే. ఎరుపు, నలుపు వైర్లు నేరుగా తగిలితే ఆ 55 కూడా దాటిపోతుంది. ఫోన్ బ్యాటరీలో ఉండే రక్షణ సర్క్యూట్ వీటిలో సాధారణంగా ఉండదు.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

కనెక్టర్ మార్చేటప్పుడు రెండు వైర్లనూ ఒకేసారి కత్తిరించడం మొదటి తప్పు. కట్టర్ లోహమే రెండింటినీ కలిపేస్తుంది. ఒక వైరు కత్తిరించి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగాకే రెండో దాన్ని ముట్టుకోవాలి. బ్యాటరీ వైపు లోహం బయటకు కనిపించని కనెక్టరే ఉండాలి.

ప్లస్, మైనస్ తారుమారైతే మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ క్షణాల్లో కాలిపోతుంది. వైరు చాలకపోతే బ్యాటరీ వైపు పొడిగించకూడదు. అలా చేస్తే వోల్టేజీ ఎగసిపడి ఈఎస్‌సీలోని కెపాసిటర్లు దెబ్బతింటాయి. మోటారుకు వెళ్లే మూడు వైర్లను పొడిగించడం మేలు. ఛార్జింగ్ స్థాయి వేర్వేరుగా ఉన్న రెండు ప్యాక్‌లను సమాంతరంగా కలిపినా, ఒకదాని నుంచి మరోదానికి కరెంటు ఉప్పెనలా పారుతుంది.

ఇవి మరవొద్దు

వైరింగ్ పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయాలి. ముందు రిమోట్ ఆన్ చేసి, ఆ తర్వాతే బ్యాటరీ తగిలించాలి. దిగాక ముందు బ్యాటరీ తీసి, ఆ తర్వాతే రిమోట్ ఆపాలి. 2,200 ఎంఏహెచ్ ప్యాక్‌ను 2.2 ఆంపియర్లకు మించకుండా, మనిషి దగ్గరుండి ఛార్జ్ చేయాలి. హాస్టల్ మంచం మీద ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం మాత్రం కూడదు. ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ వాడొద్దు. దాని ధర కన్నా గది, గదిలోని మనుషుల విలువ ఎక్కువ.