ఆత్రేయపురం అంటే పూతరేకులేనా?

జాతీయ రహదారి మీద వెళ్తున్న కారు రావులపాలెం దగ్గర ఆగుతుంది. రెండు పెట్టెల పూతరేకులు డిక్కీలోకి చేరతాయి. ఆత్రేయపురం చూసేశాం అనుకుని బయల్దేరిపోతారు. ఈ ఊరి గురించి జనంలో ఉన్న అపోహల్లో మొదటిది ఇదే: ఇక్కడ మిఠాయి తప్ప మరేమీ లేదని.

ముందు ఆ మిఠాయి సంగతే చూద్దాం. పైనున్న తెల్లని పొరను చుట్టిన కాగితం అనుకుని ఒలిచి పారేసినవాళ్లు కొత్తవాళ్లలో చాలామందే ఉంటారు. నిజానికి రేకే అసలు పనితనం. ఇంత పల్చగా రావాలంటే సన్నబియ్యమే వాడతారని మరో నమ్మకం. వాడేది జయ బియ్యం, గింజ లావుగా ఉండే రకం. నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి గుడ్డను ఆ పిండినీళ్లలో ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగితే పొర వెంటనే ఆరి రేకవుతుంది. అందుకే అది పూత రేకు. మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, చెయ్యి తడబడితే చిరుగుతుంది. ఆ వేడి ముందు గంటల తరబడి కూర్చుని రేకులు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. పెట్టె మీద దుకాణం పేరు కనిపిస్తుంది, వాళ్ల పేర్లు కనిపించవు.

తాతముత్తాతల కాలం నుంచీ జయ బియ్యంతోనే చేస్తున్నారన్న మాట కూడా నిలవదు. జయ వంగడం విడుదలైంది 1968లో. అంతకుముందు రేకులు తీసినవాళ్లు వేరే బియ్యంతోనే తీసి ఉండాలి. సంప్రదాయం కొత్త గింజను కూడా తనలో కలుపుకుని నడిచింది. దీనివల్ల దాని విలువ తగ్గదు, నా దృష్టిలో పెరుగుతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికోసం దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం తన పేరులో గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్‌ను పెట్టుకుంది. ఇక్కడి వరిచేలకు నీళ్లు ఎలా వచ్చాయో ఊరు మరిచిపోలేదన్నమాట.

కాటన్ విషయంలోనూ జనానికి ఒక పొరపాటు ఉంది. ధవళేశ్వరంలో ఈ రోజు మనం చూస్తున్న గేట్ల బ్యారేజీని ఆయనే కట్టాడని చాలామంది అనుకుంటారు. ఆయన 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసింది ఆనకట్ట. ఇప్పటి బ్యారేజీ నిర్మాణం 1970లలో సాగి 1982కు పూర్తయింది. ఆయన పేరు దానికి గౌరవంగా పెట్టినది. పైగా అది ఒక్క ధవళేశ్వరానిదీ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. మధ్య డెల్టాకు నీళ్లిచ్చే ప్రధాన కాలువ ఆత్రేయపురం మండలంలోని బొబ్బర్లంక దగ్గరే బయల్దేరుతుంది. ఇదే మండలంలోని లొల్ల లాకుల దగ్గర సినిమా పాటలు గుర్తుచేసుకుని ఫొటోలు దిగేవాళ్లు, అక్కడి నీళ్లు ఎక్కడెక్కడి పొలాలకు వెళ్తాయో కూడా ఒకసారి అడగాలి.

గోదావరి పక్కనే ఉంది కాబట్టి ఈ సీమ ఎప్పుడూ పచ్చగానే ఉండేదనుకోవడం ఇంకా పెద్ద అపోహ. 1832-33లో నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ ప్రాంత ప్రజలు పడ్డ పాట్లే. నది పక్కనే పారుతున్నా చేనుకు నీరందని రోజులవి. ఈ పచ్చదనం వెనక ఇంజనీర్ల లెక్క ఎంత ఉందో, మట్టి మోసిన వేలాది కూలీల చెమటా అంతే ఉంది.

బ్యారేజీ దగ్గర చెప్పుకున్న ర్యాలిలోనూ ఒక అపోహ ఉంది. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి గుడిలో రెండు విగ్రహాలను వీపులు ఆనించి నిలబెట్టారని వినికిడి. కాదు, శిల ఒక్కటే. ముందు కేశవుడు, వెనక మోహిని. ముందు నుంచి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు. వెనక్కి వెళ్లి ఆ కొప్పు చెక్కిన తీరు చూడండి. మోహిని జడలోని పువ్వు రాలిన చోటు కాబట్టి ర్యాలి అనేది స్థలపురాణం, దాన్ని పురాణంగానే వినాలి.

వాడపల్లి గురించి మాత్రం కాస్త నిలబడి చెప్పాలి. నల్గొండ జిల్లాలో కృష్ణా మూసీ కలిసే చోట ఉన్న వాడపల్లి వేరు, ఆత్రేయపురం దగ్గర గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉన్న ఈ వాడపల్లి వేరు. ఏడు శనివారాల మొక్కుతో ఇక్కడి వేంకటేశ్వరస్వామి దగ్గరికి వేలమంది వస్తున్నారు. ఇది కేవలం మొక్కుల క్షేత్రం అనుకోవడమే నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ. 1931 మార్చి 30న స్వామి రథోత్సవం. భగత్‌సింగ్‌ను ఉరితీసి వారమే అయింది. జనం గాంధీజీ పటాన్ని రథం మీద పెట్టారు. పోలీసులు తీయమన్నారు, జనం ఒప్పుకోలేదు. కాల్పులు జరిగాయి. తేరు లాగడానికి వచ్చినవాళ్లలో కొందరు ప్రాణాలు విడిచారు. స్వాతంత్ర్యోద్యమం అనగానే పెద్ద పట్టణాలే గుర్తొచ్చే మనకు, ఈ ఒడ్డున పడిన నెత్తురు ఎందుకు గుర్తురాదు?

ఇంకొక్క చిన్న సవరణ. ఆత్రేయపురం తూర్పుగోదావరి జిల్లాలో ఉందనే ఇంకా రాస్తున్నారు. 2022 నుంచి ఇది కోనసీమ జిల్లాలో ఉంది.

ఈసారి అటు వెళ్తే పూతరేకులు కొనుక్కోండి, తప్పకుండా కొనుక్కోండి. కానీ అంతకుముందు వాడపల్లి వెళ్లండి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, దర్శనమయ్యాక రథం దగ్గర నిలబడి, 1931లో అక్కడ ఏం జరిగిందో వాళ్లకు చెప్పండి.